అమ్మాయి వేప్ నా అలమారలో ఉంది, ఇప్పుడు ఏం చేయాలి?

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక తల్లి రాసిన పొడవైన ఉత్తరం ఇది. కుదించి ఇస్తున్నాను.

ఆమెకు ఇద్దరు పిల్లలు. అమ్మాయికి 15 ఏళ్లు, అబ్బాయికి 9. ఒక సాయంత్రం చిన్నవాడు వంటింట్లోకి వచ్చి, "అమ్మా, అక్క పెన్‌డ్రైవ్‌లోంచి పొగ వస్తోంది" అన్నాడు. ఆమె మొదట నవ్వేశారు. రాత్రి అమ్మాయి నిద్రపోయాక బ్యాగు వెతికితే, జామెట్రీ బాక్సులో స్కేలు కింద వేలెడంత వేప్ పరికరం (బ్యాటరీతో పనిచేసే ఈ-సిగరెట్) దొరికింది. పుచ్చకాయ మిఠాయి వాసన వేసింది. దాన్ని తన అలమారలో దుప్పట్ల కింద దాచారు. పొద్దున్నే అడగాలనుకున్నారు, అడగలేకపోయారు. అలా ఐదు రోజులు గడిచాయి. అమ్మాయి ఇల్లంతా వెతుకుతోంది కానీ ఏం పోయిందో చెప్పడం లేదు. ప్రతి చిన్నదానికీ విరుచుకుపడుతోంది. పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేకపోతోంది. రాత్రి రెండు గంటలకు లేచి తిరుగుతోంది. "తప్పు చేశానన్న బాధ మొదలైందేమో" అని ఈ తల్లి అనుమానం.

భర్తకు ఇంకా చెప్పలేదు. ఆయన బాల్కనీలో నిలబడి రోజుకు ఏడెనిమిది సిగరెట్లు కాలుస్తారు. తెలిస్తే పిల్ల మీద చెయ్యి చేసుకుంటారని ఒక భయం, "మీరు తాగడం లేదా?" అని పిల్ల ఎదురు తిరుగుతుందని ఇంకో భయం. చిన్నవాడేమో రోజూ పడుకునే ముందు, "నేను చెప్పానని అక్కకు చెప్పావా?" అని అడుగుతున్నాడు. వేపింగ్ (వేప్ పీల్చడం) వల్ల నష్టాలేమిటో పిల్లకు ఎలా చెప్పాలి, మూత్ర పరీక్ష చేయించాలా, స్కూలుకు చెప్పాలా, పాడైపోయిన ఊపిరితిత్తుల ఫొటోలు చూపించి భయపెట్టాలా అన్నవి ఆమె ప్రశ్నలు. "నిన్న దుప్పటి తీస్తుంటే అది చేతికి తగిలి నీలం లైటు వెలిగింది. నాకు ఒళ్లు జలదరించింది" అన్నది ఉత్తరంలో చివరి మాట.

అమ్మా,

మీ ఇంట్లో ఇప్పుడు తేలు కుట్టిన దొంగలు ఇద్దరు. ఏం పోయిందో ఆ పిల్ల చెప్పుకోలేదు, ఏం తీశారో మీరు చెప్పుకోలేరు. వేపింగ్ వల్ల నష్టాలేమిటో పిల్లకు ఎలా చెప్పాలని మీరు అడిగారు. ఆ విషయానికి తప్పకుండా వస్తాను. కానీ ఈ దొంగాట నడుస్తున్నంత కాలం మీరు ఎంత మంచి మాట చెప్పినా అది చెవికెక్కదు.

ముందుగా ఆ ఐదు రోజుల సంగతి. పశ్చాత్తాపం అని మీరు అనుకుంటున్నది, వేప్‌లో ఉండే నికోటిన్ అనే వ్యసనపరిచే పదార్థం అందకపోవడం వల్ల వచ్చే అవస్థ కావచ్చు. చిరాకు, ఏకాగ్రత కుదరకపోవడం, నిద్ర చెడడం, ఊరికే కుదురులేకపోవడం, ఇవన్నీ దాని లక్షణాలే. మానేసిన ఒక రోజు లోపే మొదలై, మొదటి వారంలో బాగా బాధించి, మూడు నాలుగు వారాల్లో తగ్గుముఖం పడతాయి. దొరికిపోయానేమోనన్న భయం వల్ల కూడా ఇలా ఉండవచ్చు, రెండూ కలిసీ ఉండవచ్చు. ఏదేమైనా, ఈ రోజుల్లో ఆమె మీతో పెడసరంగా మాట్లాడితే దాన్ని పొగరుగా లెక్కవేయకండి. ఒంట్లో బాగాలేని పిల్ల ఎవరితోనూ చెప్పుకోలేక తిరుగుతోందని అనుకుని చూడండి. మీ గొంతు దానంతటదే మారుతుంది.

ఇప్పుడు మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఏమీ తెలియనట్టు ఆ పరికరాన్ని పారేయడం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. దీనివల్ల పిల్ల నేర్చుకునేది ఒక్కటే, ఈసారి ఇంకా భద్రంగా దాచాలని. రెండోది, ఆయనకు చెప్పి ఆయన చేత అడిగించడం. దెబ్బ పడితే ఆ దెబ్బే కథ అయి కూర్చుంటుంది, అసలు విషయం పక్కకు పోతుంది. మూడోది, తీసింది మీరేనని మీరే చెప్పడం. ఇది అన్నిటికన్నా కష్టం. కొంత చిన్నతనంగానూ ఉంటుంది, ఎందుకంటే తప్పు చేసిన పిల్ల ముందు తల్లి సంజాయిషీ ఇచ్చుకున్నట్టు అనిపిస్తుంది. అయినా నేనైతే ఇదే ఎంచుకుంటాను. మీరు నిజం చెప్పి మొదలుపెడితే, ఆమె కూడా నిజం చెప్పడానికి సందు దొరుకుతుంది. అంతకు మించి హామీ ఇవ్వలేను.

ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీలా మొదలుపెట్టకండి. పక్కపక్కన ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడో బట్టలు మడతపెడుతున్నప్పుడో ఈ వయసు పిల్లలు ఎక్కువ మాట్లాడతారు, కళ్లలోకి చూడవలసిన పని ఉండదు కాబట్టి. మాటలు మీవే అయి ఉండాలి గానీ, దారి తెలియడానికి ఒక నమూనా ఇస్తున్నాను: "నీ జామెట్రీ బాక్సులోది నేను తీశాను. ఐదు రోజులుగా నా దగ్గరే ఉంది. నీకు చెప్పకుండా దాచినందుకు నాకూ బాగాలేదు. ఏం మాట్లాడాలో తెలియక ఆగాను. నాకు భయంగా ఉంది. అరవడానికి రాలేదు. అది ఎలా మొదలైందో నువ్వు చెబితే వింటాను." తర్వాత ఆగండి. ఆ మౌనం భరించలేనంత పొడుగ్గా అనిపిస్తుంది. దాన్ని ఉపన్యాసంతో నింపకండి.

"అది నాది కాదు, స్నేహితురాలిది" అనవచ్చు. ఈ మాట ప్రతి ఇంట్లోనూ వినిపించేదే, ఒక్కోసారి నిజం కూడా. పట్టుబట్టి ఒప్పించే ప్రయత్నం చేయకండి. "సరే, అలాగైతే అది వాడుతున్నవాళ్లకు ఎలా అనిపిస్తుందట?" అని అడగండి. స్నేహితురాలి పేరు మీద చాలా నిజాలు బయటికి వస్తాయి.

మీరు అడగవలసిన అసలు ప్రశ్న, అది ఆమెకు ఏం ఇస్తోంది అన్నది. అందరితో కలిసి ఉన్నట్టు అనిపించడమా? పరీక్షల ఒత్తిడా? లావవుతానన్న భయంతో ఆకలి చంపుకోవడమా? ఊరికే సరదానా? ఒక్కొక్కదానికి మందు వేరు. ఒత్తిడి తగ్గుతోందని ఆమె చెబితే కొట్టిపారేయకండి. పీల్చగానే తేలికపడినట్టు అనిపించడం నిజమే. అయితే ఆ తేలికలో పెద్ద భాగం, కిందటిసారి పీల్చిన నికోటిన్ ఒంట్లో తగ్గిపోయి మొదలైన అశాంతి తీరడమే. చెప్పు బిగుతుగా ఉంటే విప్పినప్పుడు ఎంత హాయి! ఆ హాయి కోసం బిగుతు చెప్పు తొడుక్కుంటూ ఉండడం లాంటిది. 15 ఏళ్ల పిల్లకు ఈ పోలిక బాగా అందుతుంది.

పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిసారి పీల్చాలనిపిస్తోందో కూడా మెల్లగా కనుక్కోండి. లేచిన అరగంట లోపే అయితే అలవాటు బలంగా వేళ్లూనుకున్నట్టు. సెలవు రోజుల్లో, స్నేహితులు లేనప్పుడు కూడా కావాలనిపిస్తోందా అన్నది మరో గుర్తు. రోజూ వాడకపోయినా ఈ వయసులో నికోటిన్‌కు లొంగిపోవడం జరుగుతుంది.

ఇక ఆ వస్తువు సంగతి. పిల్లతో మాట్లాడే ముందు మీకు దాని గురించి ఆమె కన్నా కొంచెం ఎక్కువ తెలిసి ఉండాలి. వేప్ అనే పేరులో వేప ఉన్నా చేదు మాత్రం లేదు, చిక్కంతా అక్కడే. సిగరెట్ మొదటి దమ్ము ఎవరికైనా దగ్గు తెప్పిస్తుంది, ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఇందులో ఆ ఎదురు లేకుండా చేశారు. ఇప్పటి రకం ఈ-సిగరెట్‌ను 2003లో చైనాకు చెందిన హోన్ లిక్ అనే ఫార్మసిస్టు రూపొందించాడు. ఆయన స్వయంగా సిగరెట్లు కాల్చేవాడు, మానేయడానికి సాయంగా ఉంటుందని చేశాడు. లోపల ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచుల రసాయనాలు, నికోటిన్ కలిసిన ద్రవం ఉంటుంది. దూది దాన్ని పీల్చుకుంటుంది, బ్యాటరీతో వేడెక్కే లోహపు తీగ దాన్ని మరిగించి పొగమంచులా మారుస్తుంది. "అది ఒట్టి ఆవిరే" అని పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. నీటి ఆవిరి కాదు, సన్నని రసాయన తుంపర. వేడి ఎక్కువైతే ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి విషపదార్థాలు పుడతాయి. తీగ నుంచి నికెల్, క్రోమియం, సీసం వంటి లోహాల అణువులు కూడా ఆ తుంపరలో చేరినట్టు పరీక్షల్లో తేలింది.

కొన్నేళ్లుగా వస్తున్న రకాల్లో నికోటిన్‌ను ఆమ్లంతో కలిపి లవణంగా మార్చి వాడుతున్నారు. దీనివల్ల గొంతు మండకుండా ఎక్కువ నికోటిన్ లోపలికి పోతుంది. అమెరికాలో బాగా అమ్ముడైన ఒక రకంలో, ఒక చిన్న గొట్టంలో సిగరెట్ పెట్టె మొత్తంలో ఉండేంత నికోటిన్ ఉంటుందని తయారీదారులే చెప్పారు. సిగరెట్ అయితే కాలిపోయి ఆగుతుంది. దీనికి ఆగే చోటు లేదు. దుప్పటి ముసుగులో ఒక దమ్ము, స్నానాల గదిలో రెండు, లెక్క ఎవరూ పెట్టరు. మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ల దాకా సాగుతుంది. దృష్టి నిలపడం, తొందరపాటును అదుపులో పెట్టుకోవడం చూసుకునే భాగాలు చివరగా పరిణతి చెందుతాయి. నికోటిన్ వాటి మీద కూడా పని చేస్తుంది. పెద్దవాళ్ల కన్నా పిల్లలు త్వరగా బానిసలు కావడానికి అదొక కారణం. ఆమె సంకల్పం బలహీనమని దీని అర్థం కాదు, ఆ మాట ఆమెకు కూడా చెప్పండి.

"ఆ రుచులు తినే పదార్థాల్లోవే, సురక్షితమే" అన్న వాదన కూడా వస్తుంది. దానికి నా దగ్గర ఒక నిజమైన జవాబు ఉంది. పాప్‌కార్న్‌కు వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్ తినడానికి ఇబ్బంది లేని పదార్థమే. కానీ 2000లో అమెరికాలోని మిస్సోరీలో ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికుల్లో, దాని ఆవిరిని రోజూ పీల్చినవారికి, ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు మూసుకుపోయే జబ్బు వచ్చినట్టు బయటపడింది. పొట్ట అరిగించుకోగలిగింది ఊపిరితిత్తులు అరిగించుకోలేవు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. వేప్ పీల్చే ప్రతివారికీ ఆ జబ్బు వస్తుందని చెప్పకండి, అది నిజం కాదు.

ఫొటోలు చూపించి భయపెట్టాలా అని అడిగారు కదా, నేను వద్దనేది ఈ కారణంగానే. మీరు గోరంతను కొండంత చేసి చెబితే, ఆమె పది నిమిషాల్లో ఫోనులో వెతికి ఆ కొండను కూలుస్తుంది. దానితో పాటు మీరు చెప్పిన నిజాలు కూడా కూలిపోతాయి. ఉదాహరణకు 2019లో అమెరికాలో వేప్ వాడేవారిలో తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఒక్కసారిగా బయటపడింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు లెక్కకు వచ్చాయి, 68 మంది చనిపోయారు. ఈ అంకెలు చెప్పి ఆపేస్తే సగం నిజమే చెప్పినట్టు. ప్రధాన కారణం గంజాయి మత్తుపదార్థం కలిపిన ద్రవాల్లో వాడిన విటమిన్ ఈ ఎసిటేట్ అని తర్వాత తేలింది. ఈ రెండో సగం కూడా చెప్పండి, ఎందుకంటే ఆమెకు పనికొచ్చే ముక్క అందులోనే ఉంది: లోపల ఏం కలిపారో వాడేవాళ్లకు తెలియదు. చేతులు మారి వచ్చిన పరికరం అయితే అసలే తెలియదు. భారత్ 2019లో చట్టం చేసి ఈ-సిగరెట్ల తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. అమెరికాలో 21 ఏళ్లు, బ్రిటన్‌లో 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదు. ఇలాంటి చోట 15 ఏళ్ల పిల్లకు అమ్మినవాడు చట్టాన్నే లెక్కచేయలేదు, పెట్టె మీద నిజం రాసి ఉంటాడని నమ్మడమెలా? నికోటిన్ లేదని రాసి ఉన్నవాటిలో కూడా నికోటిన్ బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

"సిగరెట్ కన్నా నయమే కదా" అన్నది ఆమె చేతిలోని పెద్ద ఆయుధం. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఏళ్ల తరబడి సిగరెట్లు కాలుస్తున్న పెద్దవాళ్లు పూర్తిగా దీనికి మారితే, పొగాకు కాలడం వల్ల పుట్టే విషాలు చాలావరకు తగ్గుతాయి. ఒప్పుకోండి. ఒప్పుకున్నాక అడగండి: "నువ్వు సిగరెట్లు మానడానికి దీన్ని మొదలుపెట్టావా?" ఇది మొదలుపెట్టే దాకా ఆమె ఊపిరితిత్తులకు గాలి తప్ప వేరే అలవాటు లేదు. పోల్చవలసింది గాలితోనే.

ఇక్కడే మీవారి ప్రస్తావన వస్తుంది. కంచే చేను మేసినట్టుందని మీకు సిగ్గుగా ఉంది, ఉత్తరంలో అర్థమవుతూనే ఉంది. నాకు మాత్రం ఇంట్లో అందరికన్నా బాగా మాట్లాడగలిగినవారు ఆయనే అనిపిస్తోంది. ఏ వయసులో మొదలుపెట్టారు, ఎవరు ఇచ్చారు, ఎన్నిసార్లు మానాలనుకున్నారు, ఎన్నో రోజున మళ్లీ వెలిగించారు, వాన పడుతున్నా బాల్కనీలోకి ఎందుకు వెళ్తారు... ఈ సంగతులు ఒక తండ్రి తల దించుకుని చెబితే ఏ ఫొటో దానికి సాటిరాదు. "నేను తాగుతున్నాను కాబట్టి నాకు తెలుసు" అనే హక్కు ఆయనకు ఉంది. "నేను తాగినా నువ్వు తాగకూడదు" అనే హక్కు మాత్రం లేదు.

ఆయన్ని ఒప్పించడం ఒక్క రోజు పని కాదు. మీ భయం నిజమైతే, ముందు మీరు పిల్లతో మాట్లాడండి, తర్వాత ఆయనకు చెప్పండి. చెప్పబోతున్నట్టు పిల్లకు ముందే తెలియాలి: "నాన్నకు చెప్పకుండా ఉండలేను. కానీ నేను పక్కనే ఉంటాను, నీ మీద చెయ్యి పడనివ్వను." ఈ మాట ఇస్తే నిలబెట్టుకోవాలి, కాబట్టి నిలబెట్టుకోగలరో లేదో చూసుకుని ఇవ్వండి. ఆయనకు చెప్పేటప్పుడు కూడా "అమ్మాయి పొగ తాగుతోంది" అని బాంబు వేయకుండా, "నాకు మీ సాయం కావాలి, అరిస్తే నేను ఒంటరినైపోతాను" అని మొదలుపెట్టండి. చెప్పకుండా మీ ఇద్దరి మధ్యే ఉంచుకోవడం కూడా ఒక దారే. కొన్నాళ్లు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఆ రహస్యం మోసే బరువు చివరికి పిల్ల మీదే పడుతుంది. ఎప్పుడో బయటపడితే ఆయన కోపం రెట్టింపవుతుంది. ఆయన కూడా అదే సమయంలో మానే ప్రయత్నం చేస్తే ఎంతో బాగుంటుంది. అది షరతుగా పెట్టకండి, ఆయన తప్పితే పిల్లకు సాకు దొరుకుతుంది.

పరీక్ష, స్కూలు విషయాలు. మూత్రంలో నికోటిన్ జాడ కొన్ని రోజుల పాటు దొరుకుతుంది, నిజమే. కానీ ఆ పరికరం మీ చేతిలోనే ఉండగా పరీక్ష ఏం కొత్త సంగతి చెబుతుంది? అది చేయించిన రోజు నుంచి మీరు పోలీసు, ఆమె ముద్దాయి. స్కూలుకు చెబితే మంచి కౌన్సిలర్ దొరకవచ్చు, సస్పెన్షన్ కూడా దొరకవచ్చు. స్కూలు తీరు ముందు తెలుసుకోండి. తోటి పిల్లల తల్లిదండ్రులకు చెప్పే విషయం కూడా కొన్నాళ్లు ఆపండి, మీ పిల్లతో మాట కలిసే దాకానైనా.

మానడానికి ఆమె ఒప్పుకుంటే, ఎలా మానాలో ఆమెనే ఎంచుకోనివ్వండి. ఐదు రోజులు ఎలాగూ గడిచాయి కాబట్టి, "కష్టమైన రోజుల్లో కొన్ని నీకు తెలియకుండానే దాటేశావు" అని చెప్పవచ్చు (వేరే పరికరం లేకపోతేనే సుమా, ఉందో లేదో మెల్లగా తెలుస్తుంది). కోరిక పుట్టినప్పుడు అది సాధారణంగా కొన్ని నిమిషాలు బాధించి తగ్గుతుంది. ఆ కాసేపు చేతికి, నోటికి ఏదో ఒక పని కావాలి: చల్లటి నీళ్లు, నడక, ఎవరికైనా ఫోను. ఎక్కడ, ఎవరి దగ్గర కోరిక పుడుతోందో ఆమె రాసుకుంటే ఇంకా మంచిది, ఆ కాగితం మీరు చూడకండి. లక్షణాలు తీవ్రంగా ఉన్నా, దిగులు ఎక్కువైనా, ఒంటరిగా మానలేకపోయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటివి ఈ వయసులో డాక్టర్ చెప్పకుండా ఇవ్వకూడదు. ఆయాసం, ఛాతీ నొప్పి, తగ్గని దగ్గు ఉంటే మాత్రం ఆలస్యం చేయవద్దు, డాక్టర్‌కు వేప్ సంగతి దాచవద్దు.

ఒకసారి మానాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. చాలామంది ఒక్క ప్రయత్నంలో మానలేరు. అప్పుడు "మాట తప్పావు" అనకుండా, "ఏ రోజు, ఏం జరిగింది?" అని అడగగలిగితే ఆమె మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

ఆ పరికరాన్ని దుప్పట్ల కింద నుంచి ఈ రోజే తీసేయండి. అందులో లిథియం బ్యాటరీ ఉంటుంది. బట్టల మధ్య ఉంచడం మంచిది కాదు, చెత్తబుట్టలో వేయడం కూడా మంచిది కాదు. నికోటిన్ ద్రవం చిన్నపిల్లల నోట్లోకి పోతే విషం, చర్మం మీద పడినా లోపలికి ఇంకుతుంది. చిన్నవాడికి అందని చోట, మండే వస్తువులకు దూరంగా ఒక డబ్బాలో పెట్టండి. అమ్మాయితో మాట్లాడాక, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇద్దరూ కలిసి ఇచ్చేసి రండి. ఆమె రానంటే మీరే ఇవ్వండి. తిరిగి ఆమె చేతికి మాత్రం ఇవ్వకండి. ఎందుకు ఇవ్వడం లేదో చెప్పండి, ఆమె కోపం తెచ్చుకోనివ్వండి.

మిగిలింది చిన్నవాడు. "నీకు ఎలా తెలిసింది?" అని అక్క అడుగుతుంది. "బ్యాగులో నేనే చూశాను" అనండి, అది నిజమే కదా. "ఎందుకు వెతికావు?" అని గుచ్చి అడిగితే "అది చెప్పను" అనండి. చెప్పనని చెప్పడం అబద్ధం కాదు. వాడితో మాత్రం రేపటి దాకా ఆగకుండా మాట్లాడండి. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఐదు రాత్రులుగా తాను అక్కను పట్టించానేమోనని పడుకుంటున్నాడు. అది చాడీ కాదని, భయం వేసినదాన్ని అమ్మకు చెప్పడమని వాడికి చెప్పండి. వాడు దాన్ని నోట్లో పెట్టుకున్నాడేమో కోప్పడకుండా కనుక్కోండి. ఈ రాత్రి దుప్పటి కప్పుతుండగా మళ్లీ అదే ప్రశ్న వేస్తే, "నీ పేరు నేను చెప్పలేదు, చెప్పను. ఇక అది అమ్మ పని" అనండి.